చార్జి లిస్టులో పద్నాలుగో అంశం

మొన్న సచివాలయాల్లో కొత్తగా చేరిన పిల్లలు ముగ్గురు తిరుపతిలో మా ఇంటికి వచ్చారు. రెవెన్యూలో నా సర్వీసు వాళ్ల వయసు కంటే ఎక్కువ. కాఫీలు అయ్యాక అందులో ఒకమ్మాయి, "సార్, మీ ఉద్యోగంలో మీకు బాగా గుర్తుండిపోయిన పని ఏది?" అని అడిగింది. నేను గొంతు సవరించుకుని, వాన పట్టినప్పుడు మూడు రోజులు స్వర్ణముఖి గట్టున నిలబడి ఊళ్లు ఖాళీ చేయించిన కథ చెప్పాను. అది నేను ప్రతి సన్మానంలోనూ చెప్పేదే. ఏడాదికేడాదికీ అందులో నీళ్లు పెరుగుతున్నాయి. పిల్లలు నోరు తెరుచుకుని విని, నా కాళ్లకు దండం పెట్టి వెళ్లారు.

తలుపు వేసి వచ్చేసరికి నా భార్య కప్పులు తీస్తూ, "ఆ మిలట్రీ ఆయన సంగతి చెప్పలేదే?" అంది.

నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను.

"వాళ్లకు పనికొచ్చేది అదొక్కటే కదా," అని ఆమె వంటింట్లోకి పోయింది.

అందుకని ఆ పిల్లల కోసమే ఇప్పుడు రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయను. పేర్లు రాస్తే ఎవరిది తప్పో వెతకడం మొదలుపెడతారు. అంత శ్రమ అక్కర్లేదు, తప్పు నాదే.

అప్పుడు నేను నగరి వైపు, తమిళనాడు సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఒక మండలంలో రెవెన్యూ ఇన్‌స్పెక్టరుని, ఆర్.ఐ.ని. ఊళ్లకు వెళ్లి విచారణ చేసి నివేదిక రాయడం ఆర్.ఐ. పని. నా నివేదికలకు ఆఫీసులో మంచి పేరుండేది. కాలేజీ రోజుల్లో కథలు రాసి పత్రికలకు పంపేవాణ్ణి, అవి వెళ్లిన దారినే తిరిగొచ్చేవి. ఆ ముచ్చటంతా ఫైళ్ల మీద తీర్చుకునేవాణ్ణి. గట్టు తగాదా మీద రిపోర్టు రాసినా అందులో సూర్యోదయం ఉండేది. మా సెక్షన్లో ఒక సీనియర్ అసిస్టెంట్ ఉండేది, నాకంటే పదేళ్లు చిన్నది, పనిలో పదేళ్లు పెద్దది. నా కాగితాలు చదివి, "సార్, ఇది బాగుండాది, కానీ ఫైలు కాదు," అని నవ్వేది.

మాజీ సైనికులకు ప్రభుత్వ భూమిలో పట్టా ఇచ్చే పద్ధతి ఒకటుంది. మావైపు దాన్ని డి.కె.టి. పట్టా అంటాం. అర్జీ పెట్టుకుంటే ఆర్.ఐ. విచారించి, ఈయన ఫలానా ఊరివాడు, సైన్యంలో పనిచేశాడు, వేరే భూమి లేదు అని రాయాలి. ఆ ఏడాది నా దగ్గరికి వచ్చిన అలాంటి అర్జీల్లో ఒకటి ఒక నేపాల్ మనిషిది.

నేపాల్‌లో ఎక్కడో కొండల్లో పుట్టాడు. మీసాలు రాకముందే కొండ దిగొచ్చి మన సైన్యంలో గూర్ఖాగా చేరాడు. ఇరవై రెండేళ్లు చేసి హవల్దారుగా దిగాడు. మంచు కొండల్లో కాపలా కాసి ఎడమ కాలికి మూడు వేళ్లు పోగొట్టుకున్నాడు. రిటైరయ్యాక తోటి జవాన్లతో తిరుమల దర్శనానికి వచ్చి, దిగేటప్పుడు ఎవరో చెబితే మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో గేటు దగ్గర ఉద్యోగానికి కుదిరాడు. ఒక్క సీజను చేసి ఊరికి పోదామనుకున్నాడట. ఆ సీజన్లోనే అక్కడ కాయలు కోసే పనికి వచ్చే ఒకామెను చూశాడు. ఆమె ఊళ్లోనే ఉండిపోయాడు.

తెలుగు ఆయనకు నేర్పింది ఆ ఫ్యాక్టరీ ఆడవాళ్లే. అందుకని అంత పెద్ద మనిషీ మాట్లాడితే మా పల్లెల్లో ఆడవాళ్లు గిన్నెలు తోముతూ మాట్లాడుకున్నట్టు ఉండేది. "అమ్మయ్యో, ఏమి ఎండ సాబ్ ఇది," అనేవాడు. టౌన్లో ఆయన్ని చూసిన వాళ్లంతా గూర్ఖా అనే పిలిచేవాళ్లు, నెలకోసారి విజిలేసుకుని వచ్చి చేయి చాచే మనిషి అనుకుని. ఊళ్లో మాత్రం మిలట్రీ అన్న. సైన్యంలో చేరాలనుకునే పిల్లకాయల్ని తెల్లవారగానే తారు రోడ్డు మీద పరిగెత్తించేవాడు. ఏడు వేళ్లతో ఆయనే ముందుండేవాడు. ఆ ఊరి నుంచి నాకు తెలిసి ఏడుగురు ఎంపికయ్యారు.

ఆయన అర్జీ పెట్టుకున్న నేల ఊరికి దూరంగా గుట్ట కింద రెండెకరాలు. మేకలు కూడా ముట్టని రాళ్ల చెలక. భార్యాభర్తలిద్దరూ రాళ్లేరి చుట్టూ గోడలా పేర్చి, ఫ్యాక్టరీలో పారేసిన టెంకల్లో మంచివి ఏరుకొచ్చి నాటి, బిందెలతో నీళ్లు పోసి తోట చేశారు. పక్కనే రేకుల ఇల్లు ఒకటి. పిల్లల్లేరు.

అర్జీ నా బల్ల మీదికి వచ్చేసరికి ఆయన భార్య చనిపోయి నెల దాటింది. కామెర్లు. ఊళ్లోవాళ్లు పసరు పోయించారు, ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి ఆలస్యమైపోయింది. ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. మా పల్లెల్లో బతికున్నప్పుడు ఒకే కొట్లో సరుకులు కొంటారు గానీ, శ్మశానాలు మాత్రం కులానికొకటి. ఆమె పుట్టింటి వాళ్లు తమ శ్మశానంలో చోటివ్వలేదు, ఎవరినో దేశంకాని దేశంవాణ్ణి చేసుకుంది కాబట్టి. ఆయనకేమో అసలు కులమేమిటో ఊళ్లో ఎవరికీ తెలీదు. శవాన్ని వాకిట్లో పెట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నారట. చివరికి ఆ ఊరి తలారి, ముసలాయన, "మిలట్రీ అన్నా, ఎవుర్ని అడిగేది? నీ చెలకలోనే పెట్టుకోప్పా," అన్నాడు. తోటలో పడమటి మూల, ఆమె మొదట నాటిన చెట్టు కింద పూడ్చారు.

విచారణకు వెళ్లినప్పుడు తలారే నాకు ఇదంతా చెప్పాడు. హవల్దారు నన్ను సమాధి దగ్గరికి తీసుకెళ్లి నిలబెట్టాడు. సున్నం కొట్టిన చిన్న దిమ్మ, మీద రెండు బంతిపూలు.

"సాబ్, నాకు మామిడికాయలు వద్దు," అన్నాడు. "కాయలు ఊరంతా తినేసినా ఒప్పుకుంటా. ఆమె ఈడ ఉండాది. ఈ నేల నాది అని కాయితం ఉంటే ఆమెను ఎవురూ లేపరు కదా. అంతే సాబ్."

మీరే చెప్పండి, ఇలాంటి మాట విన్నాక ఎవరైనా పొడిపొడిగా నివేదిక రాయగలరా? రాయగలిగినవాడే మంచి ఉద్యోగి అని నాకు ఆ తర్వాత తెలిసింది.

ఆ రోజు ఆఫీసుకొచ్చి, మధ్యాహ్నం అన్నం కూడా మానేసి రాశాను. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏదీ రాయలేదు. మూడో పేరా ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు: "అర్జీదారు నేపాల్ దేశములోని ఒక కొండ గ్రామమున జన్మించినప్పటికీ, తన యవ్వనమంతయు మన దేశ సరిహద్దుల కాపలాకు ధారపోసి, తన కాలి వేళ్లను మంచునకు అర్పించి, నేడు ఈ గ్రామమునే తన స్వగ్రామముగా స్వీకరించిన త్యాగమూర్తి." రాసి, కళ్లజోడు తీసి, కళ్లు కూడా తుడుచుకున్నాను.

సీనియర్ అసిస్టెంట్ చదివింది. ఈసారి నవ్వలేదు.

"సార్, ఈ పేరా తీసేయండి."

"ఎందుకమ్మా?"

"ఫైల్లో మనిషిని పొగడకూడదు సార్. తిట్టినా ఫరవాలేదు. పొగిడితే పైవాళ్లు ఆగి చదువుతారు. ఆగి చదివితే ఏదో ఒకటి కనిపిస్తాది."

"చదవనీ. చదవాలనే కదా రాసింది."

"స్థానికుడు, మాజీ సైనికుడు, భూమి లేదు. మూడు మాటలు చాలు సార్. కార్డులన్నీ ఉండాయి. నేపాల్ అని ఉండే డిశ్చార్జి పుస్తకం వెనక పెట్టేస్తాం, ఎవురూ తిప్పరు."

నాకు కోపం వచ్చింది. నా రచన మీద చేయి వేస్తే పత్రికల వాళ్లనే క్షమించినవాణ్ణి కాదు. "నీకు రాయడం తెలియదు, నాకు తెలుసు," అన్నాను. ఆమె కాగితాలకు దారం కట్టింది.

అదే వారం ఇంకొక మాజీ సైనికుడి ఫైలు కూడా రాశాను. ఆయన బెంగుళూరులో మూడంతస్తుల ఇంట్లో ఉంటాడు, ఊరికి పెళ్లిళ్లకు మాత్రమే వస్తాడు. ఆయనంటే నాకు గౌరవం లేదు గనక రెండు మాటలు రాశాను, "స్థానికుడు. అర్హుడు" అని. ఆయన పట్టా రెండు నెలల్లో వచ్చింది. ఆయన వచ్చి స్వీట్లు పంచి, తన పొలం ఏ దిక్కున ఉందో తలారిని అడిగి తెలుసుకుని వెళ్లాడు.

హవల్దారు ఫైలు కూడా తిరిగొచ్చింది. నా మూడో పేరాలో "నేపాల్ దేశములోని" అన్న మాటల కింద ఎర్ర సిరాతో గీత ఉంది. పక్కన ఒకే వాక్యం: అర్జీదారు భారత పౌరుడా కాదా, పత్రాలతో సహా తెలుపవలెను.

తహసీల్దారు నన్ను పిలిచాడు. మంచివాడే, ప్రమోషన్ దగ్గర పడ్డవాడు. ఫైలు నా ముందుకు తోసి, "ఏమప్పా, నువ్వు పొగిడిందానికి వాళ్లు రశీదు అడగతా ఉండారు. నువ్వే చూసుకో," అన్నాడు.

అప్పటికీ దారి ఉంది. సీనియర్ అసిస్టెంట్ మళ్లీ చెప్పింది, ఓటరు కార్డు జెరాక్సు పెట్టి, విచారణలో స్థానికుడని తేలింది అని రాసి పంపమని. కానీ ఆ రోజుల్లో పక్క మండలంలో దొంగ పట్టాల మీద విచారణ జరిగి ఒక ఆర్.ఐ. సస్పెండయ్యాడు. నా పేరూ అందులోకి వస్తుందని భయపడ్డాను. త్యాగమూర్తి అని రాసిన చేత్తోనే, పదిహేను రోజుల్లో పౌరసత్వ పత్రం తెమ్మని ఆయనకు మెమో రాశాను.

ఆయన తిరిగాడు. చిత్తూరు పోయాడు, అక్కణ్ణుంచి ఇంకో చోటికి పంపితే అక్కడికీ పోయాడు. ఆయన చేరిన పటాలానికి ఉత్తరం రాయించాడు. వాళ్లు సర్వీసు మంచిదని రాసిచ్చారు, పౌరుడని వాళ్లెలా రాస్తారు? పదిహేనో రోజు మా ఆఫీసుకు వచ్చి నా బల్ల ముందు నిటారుగా నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆడ అడిగితే ఈడ పొమ్మన్నారు సాబ్. ఈడ అడిగితే, నువ్వు ఆ దేశంవాడివి కదా, ఆడనే అడుగు అన్నారు. చేరేటప్పుడు ఎవురూ అడగలేదే సాబ్ ఈ కాయితం?"

"పైనుంచి వచ్చింది హవల్దారు గారూ. నా చేతుల్లో ఏమీ లేదు."

అదీ నేను చెప్పింది. నా వాక్యం వల్లే వచ్చిందని చెప్పలేదు. "పత్రములు సమర్పించలేదు" అని రాసి ఫైలు పైకి పంపాను. నిజమే రాశాను. నా సర్వీసులో అంత సిగ్గుమాలిన నిజం మరొకటి రాయలేదు.

అర్జీ తిరస్కరించారు. ఆ తర్వాతి సంవత్సరం ఇళ్ల స్థలాలకు ప్రభుత్వ భూములు వెతకమని ఆదేశాలొచ్చాయి. పట్టా లేని నేల గనక గుట్ట కింద రెండెకరాలు కూడా జాబితాలోకి ఎక్కింది. చెలకను ఆక్రమించుకున్నాడు గనక ఖాళీ చేయాలని నోటీసు తయారైంది. దాని మీద తహసీల్దారు సంతకం ఉన్నా మాటలు నావే. అంటించడానికి మాత్రం నేను పోలేదు, తలారిని పంపాను. ముసలాయన దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంటూ, "మీరు రాసేది, మేము మోసేది సామీ," అన్నాడు. అంతకు ముందు ఆయన నన్నెప్పుడూ ఒక్క మాటనలేదు.

స్వాధీనం చేసుకునే రోజు తప్పించుకోవడానికి లేకపోయింది. పంచనామా రాయాల్సింది ఆర్.ఐ.నే. సర్వేయరు, తలారి, నేను వెళ్లాం. గొడవ జరుగుతుందేమోనని ఇద్దరు కానిస్టేబుళ్లను కూడా ఇచ్చారు. అందులో ఒకడు హవల్దారు దగ్గర పరుగు నేర్చుకున్నవాడే, సైన్యంలో కుదరక పోలీసైనాడు. దారి పొడవునా వాడు టోపీ చేత్తో పట్టుకునే నడిచాడు.

తోట గేటు తీసి ఉంది. హవల్దారు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. వాకిలి ఊడ్చి నీళ్లు చల్లి ఉంది.

"ఎనిమిది అన్నారు సాబ్. ఎనిమిదిన్నర అయింది," అన్నాడు.

ఆలస్యానికి ఏదో చెప్పబోయాను. ఆయన అప్పటికే వెనుదిరిగి ఇంట్లోకి దారి చూపిస్తున్నాడు. లోపల ఒక ఇనప పెట్టె, చుట్టిన పరుపు తప్ప ఏమీ లేవు. గోడకు మాత్రం ప్లాస్టిక్ అతికించిన ఒక కాగితం వేలాడుతోంది. దగ్గరికి వెళ్లి చూస్తే నా చేతిరాత. మూడో పేరా ఉన్న పేజీ. నేపాల్ దేశములోని అన్న మాటల కింద గీత జెరాక్సులో నల్లగా పడింది.

"ఇదెక్కడిది?" అన్నాను.

"పిల్లకాయలు సమాచార హక్కు కింద అడిగి తెచ్చినారు సాబ్. చదివి చెప్పినారు. దీని వల్లనే పోయిందంట గదా."

నేను కళ్లజోడు తీసి తుడుచుకున్నాను.

"పోతే పోయింది. ఇరవై రెండేళ్లు చేసినా, నా గురించి ఇంత బాగా ఎవురూ రాయలేదు. మా పుస్తకంలో 'మంచివాడు' అని ఒకటే మాట ఉండాది. అందుకే అతికించి పెట్టుకున్నా. మీరు రాసింది అబద్ధం కాదు కదా సాబ్?"

నన్ను తిట్టి ఉంటే ఇంటికి పోయి అన్నం తినేవాణ్ణి. చెంప మీద కొట్టి ఉన్నా బాగుండేది. "కాదు," అన్నాను.

ఆయన పెట్టె మూత తీసి రెండు కాగితాలు బయటికి తీశాడు. రూళ్లు గీసి, హిందీ అక్షరాల్లో రాసి, కింద రెండు సంతకాలకు చోటు వదిలాడు.

"మాకు ఒక పోస్టు వదిలిపెట్టి పొయ్యేటప్పుడు, వచ్చేవాళ్లకు చార్జి ఇచ్చి పోవాల సాబ్. ఒట్టిగా పోకూడదు. లిస్టు చదువుతా, ఒక్కొక్కటీ చూసి టిక్కు పెట్టండి."

సర్వేయరు గడియారం చూసుకున్నాడు. "ఇదంతా ఎందుకప్పా, మాకు పంచనామా ఉండాది కదా," అన్నాడు. హవల్దారు ఆయన వైపు చూడలేదు, నా వైపే చూశాడు. నేను పెన్ను తీశాను.

మొదటి అంశం గేటు, తాళం, రెండు తాళంచెవులు. తాళం వేసి తీసి చూపించాడు. రెండోది చేతి పంపు. కొట్టి చూపించాడు, నీళ్లొచ్చాయి. వాషరు పోతుందని, టౌన్లో విత్తనాల అంగడి పక్క దుకాణంలో దొరుకుతుందని చెప్పాడు. ఆపైన రేకులు, కడ్డీలు, గడ్డపార, బిందెలు. ఆమె బిందెలు కూడా పెట్టెలో వేసుకోలేదు, అవి తోటవి అన్నాడు. తర్వాత చెట్లు. వరసకొక అంశం. నలభై మూడు చెట్లకూ నన్ను తిప్పాడు. ఇది పురుగు పట్టింది, దీనికి ఈ ఏడు మందు కొట్టాలి, ఇది కాయదు గానీ నీడ మంచిది. ఎండలో చెమటలు కక్కుతూ నేను టిక్కులు పెడుతూ పోయాను. కొన్నాళ్లలో కొట్టేయబోయే చెట్లకు జబ్బులు రాసుకుంటున్న ఆర్.ఐ.ని మీరెవరూ చూసి ఉండరు.

పదమూడు అయ్యాయి. తోట పడమటి మూల వచ్చింది. నేను ఆగిపోయాను.

"దాన్ని వదిలేద్దాం హవల్దారు గారూ. చూడకుండానే టిక్కు పెడతాను."

"చూడకుండా సంతకం పెట్టకూడదు సాబ్. అదే తప్పు. పోస్టులు అట్లే పోతాయి." నన్ను దిమ్మ దాకా నడిపించాడు. కొత్తగా సున్నం కొట్టాడు, తడి ఇంకా ఆరలేదు. కాగితం మీద వేలు పెట్టి చదివాడు. "పద్నాలుగు. సమాధి, ఒకటి. వాన కాలంలో ఈ పక్క మట్టి జారతాది. ఒక తట్ట మట్టి ఎయ్యాల. పూలు మీ ఇష్టం. అది లిస్టులో లేదు."

తలారి కండువా నోటికి అడ్డం పెట్టుకుని చెట్టు చాటుకు పోయాడు. కానిస్టేబుల్ అబ్బాయి బిగ్గరగానే ఏడ్చాడు. నేను రెండు కాగితాల మీదా సంతకం చేశాను. హోదా రాయమన్నాడు, రాశాను. సీలు అడిగాడు. సీలు నా సంచిలోనే ఉంది, వేశాను. ఆయన ఒకటి మడిచి జేబులో పెట్టుకుని, ఒకటి నాకిచ్చి, గోడ మీది కాగితం చంకలో పెట్టుకుని, పెట్టె భుజానికెత్తుకున్నాడు. కానిస్టేబుల్ అందుకోబోతే ఇవ్వలేదు. గేటు దాటాక వెనక్కి తిరిగి సెల్యూట్ చేశాడు. నాకు కాదు, నా వెనక ఉన్న పడమటి మూలకు.

నేను చేయగలిగింది ఒకటే చేశాను. సర్వేయరుతో పోట్లాడి ఆ మూలను లేఅవుటు పటంలో ఖాళీ జాగాగా గీయించాను. తడ దగ్గర ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర హవల్దారుకు పని దొరికిందని తెలిసి, ఫోన్ చేసి ఆ మాట చెప్పాను కూడా. "మంచిది సాబ్," అన్నాడు.

తర్వాత బ్రహ్మోత్సవాలు వచ్చాయి. ఏటా మా డిపార్టుమెంటు వాళ్లను తిరుమల డ్యూటీకి వేస్తారు, మీకు తెలిసిందే. తొమ్మిది రోజులు నేను కొండ మీద క్యూలైన్ల దగ్గర నిలబడి గోవిందా గోవిందా అంటున్న జనాన్ని ముందుకు తోస్తున్నాను. గరుడ సేవ మర్నాడు తలారి ఫోన్ చేశాడు.

"సామీ, జేసీబీ వచ్చినాది. చదును చేసేసినారు."

"ఆ మూల వదిలేసి కదా?"

"వాడికి పటం యాడ తెలస్తాది సామీ? కాంట్రాక్టరు గుట్ట దాకా తోసేయమన్నాడంట. నేను పొయ్యేసరికి అయిపోయింది. అడ్డం పండుకునే దానికి కూడా టైం లేకపాయె."

కొండ దిగి వెళ్లి చూశాను. గుట్ట కింద ఎర్రమట్టి నున్నగా ఉంది. నంబరు రాళ్లు నాటారు. ఏ రాయి ఆమె మీద ఉందో నేను చెప్పలేకపోయాను, తలారి చెప్పాడు. ఇరవై ఏడో నంబరు రాయికి పడమర నాలుగడుగులు. పట్టాలు పంచారు, ఫోటోలు దిగారు. ఊరికి దూరం, నీళ్లు లేవు, దారి లేదు. ఇన్నేళ్లయినా అక్కడ ఒక్కరూ ఒక్క ఇటుక పెట్టలేదు. కంప చెట్లు మొలిచాయి. చేతి పంపును ఎవరో ఊడబెరుక్కుపోయారు.

ఏడాది తిరిగేసరికి ఆమె పోయిన రోజున హవల్దారు ఫోన్ చేశాడు.

"సాబ్, పద్నాలుగో నంబరు ఎట్లుండాది?"

"బాగుండాది," అన్నాను. నోట్లోంచి ఎలా వచ్చిందో వచ్చేసింది. "మట్టి ఏయించినాను. సున్నం కొట్టించినాను."

అప్పటి నుంచి ప్రతి ఏడూ అదే రోజు ఫోన్. ప్రతి ఏడూ అదే ప్రశ్న. నేనేమో రచయితను కదా, ఏడాదికొక సొగసు చేర్చాను. బంతి మొక్క ఒకటి నాటాను. అది పూసింది. చుట్టూ నాలుగు రాళ్లు పాతించాను. వచ్చి చూస్తానని ఆయన ఎప్పుడూ అనలేదు, నేనూ రమ్మనలేదు. ఆయనకు నిజం తెలుసేమోనని ఒక్కోసారి అనిపిస్తుంది. తెలిసే అడుగుతున్నాడేమో, ఎవరో ఒకరి నోటి వెంట ఆమె ఉందన్న మాట వినడానికి. నాకు తెలియదు, అడిగే ధైర్యమూ లేదు.

డిప్యూటీ తహసీల్దారునై రిటైరైన రోజు నేను కూడా చార్జి ఇచ్చాను. బీరువా తాళాలు, రబ్బరు స్టాంపులు, రిజిస్టర్లు, ఒక ప్లాస్టిక్ కుర్చీ. శాలువా కప్పారు. పెండింగు ఏమైనా ఉందా అని ఫారంలో ఒక గడి ఉంటుంది. "లేవు" అని రాశాను.

ఈ ఏడు కూడా ఫోన్ వచ్చింది. గొంతు బాగా ముసలిదైంది. ఈసారి ప్రశ్న మారింది.

"సాబ్, మీరు దిగిపోయినారంట గదా?"

"అవును హవల్దారు గారూ."

"మరి పద్నాలుగో నంబరు చార్జి ఎవురికి ఇచ్చినారు?"

నా భార్య పక్కనే ఉంది. ఆమె వైపు చూడకుండా, "కొత్తగా వచ్చిన పిల్లలకు ఇచ్చినాను," అన్నాను.

"సంతకం తీసుకున్నారా?"

"తీసుకున్నా."

"అట్లయితే సరే సాబ్," అని పెట్టేశాడు.

అది కూడా అబద్ధమే. అందుకే మీరు ముగ్గురూ కాఫీ తాగి వెళ్లాక నా భార్య అలా అంది. ఆయన సంతకం, నా సంతకం, నా సీలు ఉన్న కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. ఆ మండలంలో ఇప్పుడు ఆ కుర్చీలో మీలాంటి వాళ్లే ఎవరో కూర్చుని ఉంటారు. ఇప్పుడు చార్జి ఇస్తున్నాను, తీసుకోండి. గేటు లేదు. పంపు లేదు. చెట్లు నలభై మూడూ లేవు. పద్నాలుగు, సమాధి ఒకటి. ఇరవై ఏడో నంబరు రాయికి పడమర నాలుగడుగులు. పైన ఏమీ కనపడదు, కింద ఆమె ఉంది. ముందు వెళ్లి చూడండి, చూడకుండా సంతకం పెట్టకండి.